మిరప ఎరుపు, మిషన్ ఎరుపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పవయ్యా" అన్నారు సంఘం వాళ్ళు. డిజిటల్ ప్రింటింగ్ మిషన్లలో రంగులు సరిచేయడం నా పని. పెళ్ళిళ్ళలో ఈ మాట చెబితే "అంటే జెరాక్స్ మిషన్లా?" అంటారు. దగ్గర చుట్టమే, కాదనను.

పెదకాకానిలో పెరిగినవాడికి ఎరుపు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. కల్లంలో ఆరబోసిన కాయల్లో తాలు ఏదో మన ఆడవాళ్ళు చూపుతోనే ఏరేస్తారు. గుంటూరు యార్డులో రంగు తగ్గితే ధర తగ్గుతుంది. ఆ రంగు నిలవడానికే కాయను కోల్డ్ స్టోరేజీలో పెడతాం. ఎగుమతి దగ్గరికొచ్చేసరికి కంటి చూపు చాలదు. కారంలోని రంగును అసిటోన్‌లోకి దింపి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి, ఆస్టా విలువ అని ఒక అంకె ఇస్తారు. బ్యాడిగి కాయకు మన సన్నం కంటే రంగు ఎక్కువని ఆ అంకే చెబుతుంది. ఘాటు సంగతి వేరు, అందులో మనదే పైచేయి!

నేను చేసేదీ అలాంటి కొలతే, కాగితం మీద. 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ రంగును అంకెల్లో చెప్పే పద్ధతి ఏర్పరచింది. 1976లో వచ్చిన ల్యాబ్ పద్ధతిలో ప్రతి రంగుకూ మూడంకెలు. రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఈ అంటాం. పక్కపక్కన పెట్టినప్పుడు రెండు దాటితే అలవాటైన కన్ను పట్టేస్తుంది.

ఒక ఊళ్ళో, పేరు వద్దులెండి, కారం ప్యాకెట్ల లేబుళ్ళు వేసే ప్రెస్సు ఉంది. మొదటి విడత బాగా వచ్చింది. రెండో విడత ఇటుక రంగులో వచ్చిందని కారం వ్యాపారి సరుకు తిప్పి పంపాడు. మిషన్ నడిపే కుర్రాడు సరిగా చూడలేదని, ఆ నష్టం అతని జీతంలో కోస్తామని యజమాని తేల్చేశాడు. నన్ను పిలిచింది మిషన్ చూడమని. ఆ కుర్రాడు మాత్రం గోడకానుకుని నా ముఖమే చూస్తున్నాడు.

రెండు లేబుళ్ళనూ స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచాను. తేడా ఆరు దాటింది. తరువాత లాగ్ తీశాను. ఆ ఉదయం కుర్రాడు క్యాలిబ్రేషన్ చేసే ఉన్నాడు, ముందురోజూ చేశాడు. అప్పుడు ఏమీ అచ్చుకాని ఖాళీ కాగితాలు రెండు అడిగి కొలిచాను. దొంగ దొరికాడు. పాత కాగితం నీలం ఛాయ తెలుపు, కొత్తది పసుపు ఛాయ తెలుపు. టోనరు పొర పారదర్శకం, కింద కాగితం రంగు పైకి కనబడుతుంది. ధర తక్కువని కాగితం మార్చింది యజమానే, ప్రొఫైల్ మాత్రం పాతదే నడుస్తోంది.

పిల్లలూ, ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోండి. క్యాలిబ్రేషన్ అంటే మిషన్‌ను రోజూ దాని సొంత స్థితికి తెచ్చి నిలబెట్టడం. ప్రొఫైల్ అంటే ఆ స్థితిలో, ఫలానా కాగితం మీద ఏ అంకెకు ఏ రంగు వస్తుందో రాసుకున్న పట్టిక. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంస్థ పెట్టి ఈ పట్టికకు ఒకే రూపం తెచ్చాయి. కాగితం మారితే పట్టిక మళ్ళీ రాయాలి. కుర్రాడు రోజూ ఎంత శ్రద్ధగా క్యాలిబ్రేట్ చేసినా ఆ లోటు తీరదు.

కొత్త కాగితం మీద 1,617 రంగు గళ్ళ చార్టు వేసి, కొలిచి, ప్రొఫైల్ తయారుచేశాం. తేడా రెండు లోపలికి వచ్చింది. అయినా వ్యాపారి తన కొట్లో ఎల్‌ఈడీ లైటు కింద చూసి పెదవి విరిచాడు. పాత కాగితంలో తెలుపు పెంచే రసాయనం ఉంది, అది అతినీలలోహిత కిరణాలు తగిలితేనే మెరుస్తుంది. ఎల్‌ఈడీలో అవి దాదాపు ఉండవు, ఎండలో ఉంటాయి. అందుకే రంగు చూడటానికి 5000 కెల్విన్ల దీపం ప్రమాణంగా పెట్టుకున్నారు. ఆ దీపం కింద రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒప్పుకున్నాడు.

యజమాని కుర్రాడితో పొరపాటైందని అనలేదు. జీతం కోత మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ఆ ప్రెస్సులో కాగితం కొనేముందు ఆ కుర్రాణ్ణే అడుగుతున్నారట.

పరికరం సంచిలో తెచ్చాను. భోజనాలయ్యాక తొమ్మిది, పది తరగతుల పిల్లలు రండి, మీ ఇళ్ళ నుంచి తెచ్చిన కారం కూడా కొలిచి చూద్దాం.