పెళ్లి పూజలో గ్రెగోరియన్ గానం
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడి గాయక బృందంలో లతీను పాటలు నేర్చుకున్న చివరి తరం వాళ్లం ఈ సభలో కొందరం ఉన్నాం. అందుకే కాబోలు, పిల్లల పెళ్లిళ్లు కుదిరినప్పుడు "పూజలో ఆ పాతపాటలు పెట్టవచ్చా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. నిస్సందేహంగా పెట్టవచ్చు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి వెలువరించిన పత్రం ప్రజల భాషలకు తలుపు తెరిచింది. గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఇవ్వాలని చెప్పింది కూడా ఆ పత్రమే.

పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు మనవాళ్లు కీబోర్డు మీద వాయించేది వాగ్నర్ రాసిన 'లోహెన్‌గ్రిన్' అనే సంగీత నాటకంలోది. 1850లో రంగస్థలం ఎక్కింది. ఆ కథలో పెళ్లయిన రాత్రే కాపురం చెడుతుంది. తెలిసి తెలిసి దాన్నే వాయించమంటే నేనేం చెప్పను!

పెళ్లి పూజ కోసమే ఉన్న ప్రవేశగీతం 'దేవుస్ ఇస్రాయేల్'. మాటలు తోబీతు గ్రంథంలోవి. సారాను పెళ్లాడిన ఏడుగురూ మొదటిరాత్రే చనిపోయారు. ఎనిమిదోవాడు తోబియా. మామ రగూయేలు భయంతో ఆ రాత్రే గొయ్యి తవ్వి ఉంచాడు. చూస్తే ఇద్దరూ క్షేమం! ఒక్కగానొక్క బిడ్డలైన ఆ ఇద్దరినీ కరుణించిన దేవుడే మిమ్మల్నీ కలపాలని ఆ పాట కోరుతుంది. ఒక్క పిల్లనే కని పెంచుకున్న తల్లిదండ్రులు ఆ మాట వింటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

అయితే కష్టమైన పాట. నాలుగు గీతల మీద చదరపు స్వరాలు, తాళం లేదు, పక్కవాద్యం లేదు, మాటను బట్టే నడక. నలుగురు ఒకే గొంతుగా పాడలేకపోతే పెట్టకండి.

'కీరియె' మాత్రం 'మిస్సా దె ఆంజెలిస్'లోది పెట్టండి, వెనక బెంచీల్లోని అవ్వలూ తాతలూ పుస్తకం లేకుండానే అందుకుంటారు. సత్ప్రసాదం వేళ 'ఊబి కారితాస్'. అది పవిత్ర గురువారం పాదాలు కడిగేటప్పుడు పాడుతూ వచ్చిన పాట. కాపురానికీ పనికొచ్చేదే. మిగతాదంతా తెలుగులోనే ఉండనివ్వండి, కీర్తన జనం నోట పలకాలి. లతీను పాటల అర్థం తెలుగులో ఒక కాగితం మీద వేసి పంచితే, పెళ్లికి వచ్చిన హిందూ బంధువులూ పరాయివాళ్లలా కూర్చోరు. విచారణ గురువులతో ముందే మాట్లాడుకోండి.

వచ్చే జనవరిలో మన సహాధ్యాయి మనుమరాలి పెళ్లి. ఈ పాటలు కావాలని ఆ పిల్లే అడిగింది. ఒకప్పుడు ఏడుగురం పాడేవాళ్లం, ఇప్పుడు ముగ్గురం మిగిలాం. నాలుగో గొంతు కావాలి. ఆదివారం సాయంత్రం గుడి వెనక గదిలో సాధన చేస్తున్నాం. గొంతు బొంగురైనా ఫరవాలేదు, రండి.