సుగ్గికి పోయినా లెక్కలో ఉండాలి

(ప్రసంగ పాఠం)



ప్రకృతి వైపరీత్యాల గురించి యువతతో మాట్లాడమని మమ్మల్ని అడిగారు. ఆ మాట వినగానే తుఫాను, సునామీ గుర్తొస్తాయి. అవి కోస్తా వాళ్ల కష్టాలు, మనకెందుకు అనిపిస్తుంది. కానీ ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు పక్కన పుట్టిన మనకు ఆపదలు తక్కువేమీ కాదు. మన ఆపదకు చప్పుడుండదు, అంతే. ఇల్లు కూలితే టీవీలో చూపిస్తారు. వాన రాకపోతే చూపించడానికి ఏముంటుంది?

మన కైరుప్పలనే చూడండి. ఉగాది మరుసటి రోజు పిడకల సమరం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ పిడకలు ఆ రోజే పుట్టవు కదా. ముందే కొట్టి, ఎండబెట్టి, కుప్పలు పోస్తారు. అంతా అయ్యాక రెండు వర్గాలూ కలిసే వీరభద్రస్వామికి, కాళమ్మకు పెళ్లి చేస్తాయి. ముందుగా సిద్ధం కావడం, తరువాత ఒక్కటిగా నిలబడటం ఈ ఊరికి కొత్త కాదు. కరువుకు, వరదకు కూడా మనం చేయాల్సింది ఈ రెండు పనులే.

1876–78లో వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి బతికిన మన లంబాడీల పనికి రైలు అప్పటికే గండి కొట్టింది. రైలులో గింజలు వచ్చినా, కొనడానికి పేదల చేతిలో డబ్బు లేదు. లక్షల మంది పోయారు. ఆ తరువాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని వెంట కరువు నియమావళి వచ్చింది. ఏ గుర్తులు కనిపిస్తే కరువు అనాలి, ఎవరికి పని ఇవ్వాలి అని కాగితం మీద రాశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా సాయం కాగితం వెంటే నడుస్తోంది. కాగితంలో లేని ఇంటికి అది చేరదు.

2009 సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది దేశంలో నైరుతి రుతుపవనాల వాన సగటులో 78 శాతమే. వాన లేదని ఏడ్చిన ఏడాదే అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి చేరింది. నీళ్లు తీశాక చూస్తే బురదలో బియ్యంతో పాటు రేషన్ కార్డులు, పట్టాలు, సర్టిఫికెట్లు కూడా పోయాయి. ఇల్లు కడుక్కోవడం ఒక ఎత్తు, మేము ఫలానా వాళ్లమని రుజువు చేసుకోవడం ఇంకో ఎత్తు అయింది.

ఇక హాస్టల్లో మేము చూసేది చెబుతాం. కరువు వచ్చిందని మాకు మొదట చెప్పేది హాజరు పట్టీ. దసరా సెలవులు అయ్యాక పేర్ల పక్కన ఖాళీలు కనిపిస్తాయి. అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరప కోతకో, బెంగళూరుకు కూలికో సుగ్గికి పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. సరిగ్గా అదే కాలంలో కరువు మండలాలు ప్రకటిస్తారు, పంట నష్టం రాస్తారు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. వాటిలో మన జిల్లావి చాలా ఉన్నాయి. రాసుకునే వాళ్లు తండాకు వచ్చేసరికి తలుపుకు తాళం. పంట ఎండింది నిజం, అప్పు నిజం. జాబితాలో మాత్రం పేరు లేదు. ఉగాదికి తిరిగొచ్చి అడిగితే గడువు అయిపోయిందంటారు. ఇలా నష్టపోయిన ఇళ్లు మాకు తెలుసు. ఆ ఇళ్ల పిల్లలే మరుసటి ఏడాది బడి మానేది.

అందుకే పిల్లలూ, చదువుకున్న మీకు కొన్ని పనులు చెబుతున్నాం.

మొదటిది, విత్తనం వేయగానే ఈ-క్రాప్ నమోదు. పేరు రాయించి వదిలేయొద్దు, వేలిముద్ర పడే దాకా వెంట ఉండండి. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. నమోదే లేకపోతే ఎంత పోయిందో ఎవరు కొలుస్తారు? కౌలుకు చేసేవాళ్లయితే సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. పట్టా ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంటే ఈ ఎండాకాలంలోనే మార్పించండి.

రెండోది, కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, పట్టా, జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎత్తున కట్టండి. ఫోన్‌లో ఫోటోలు తీయండి, డిజిలాకర్‌లో దాచండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలోనే. పని కావాలని నోటితో అడిగి ఊరుకోవద్దు. రాసిచ్చి రసీదు తీసుకోండి.

మూడోది, తండాకో నోటు పుస్తకం. ఇంటి పెద్ద పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, ఏం పంట వేశారు, నమోదు అయిందా, సుగ్గికి ఎక్కడికి పోయారు, మేస్త్రీ నంబరు ఎంత అన్నీ రాయండి. ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు, నడవలేని వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో కూడా రాయండి. వరద వస్తే ముందు ఆ తలుపే తట్టాలి. ఊళ్లో ఉండే ఒకరు, సుగ్గికి పోయే గుంపులో ఒకరు దీనికి బాధ్యులు కావాలి. అధికారులు రాసుకోవడానికి వస్తున్నారని తెలియగానే ఫోన్ పోవాలి. జాబితాను రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడు పోయి ప్రతి పేరూ చదవాలి.

నాలుగోది ప్రాణం సంగతి. పిడుగు ముందు కాగితం పనికిరాదు. చేలో ఉన్నప్పుడు మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపే ఉరుము వినబడితే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. వేపచెట్టు కిందికి పోవద్దు, మేకల్ని కూడా అక్కడ తోలొద్దు. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రావద్దు. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, భయపడకుండా ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద గట్టిగా, ఆగకుండా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే పిడుగు హెచ్చరిక ముందే వస్తుంది. ఆపదలో జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070.

ఆఖరుగా, పెద్దలకు ఒక మనవి. మీరు సుగ్గికి పోవడం మానమని మేము చెప్పలేం. పొయ్యి వెలగాలి కదా. పిల్లల్ని మాత్రం వెంట తీసుకుపోవద్దు. హాస్టళ్లున్నాయి, వలస కాలానికి సీజనల్ హాస్టళ్లూ తెరుస్తారు. ఎక్కడ తెరిచారో బడిలో అడగండి, అక్కడ చేర్చి లారీ ఎక్కండి. పంట పోతే వచ్చే ఏడు మళ్లీ విత్తుకుంటాం. ఏడో తరగతిలో ఆగిన పిల్లను మళ్లీ బడికి తేవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

పిల్లలూ, నోటు పుస్తకాన్ని ఈ దసరా లోపల పూర్తి చేయండి. రాశాక ఒకసారి మా దగ్గరికి తెండి. తప్పులుంటే కూర్చుని దిద్దుదాం.