వెలుగుతో వైద్యము



శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు పోవువారికి ఔషధ పరిశోధనశాలలు వరుసగా కనిపించును. వానిని దినమును చూచు మన ప్రాంతమువారికి మందులు ఎట్లు పుట్టునో తెలిసికొన కోరిక కలుగుట సహజము. అందుచేత నేడొక వింత మందును గూర్చి మనవి చేయుదును. అది వెలుగు సోకిననే పనిచేయును.

ఇది మనకు బొత్తిగా కొత్త మాట కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చుండబెట్టుట పెద్దల నాటి వైద్యమే. మందును ఎండయు కలిసిననే గుణము. మోతాదు మించినచో పొక్కులు.

1897-98లో మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి, టాపైనర్ అను ఆచార్యుని యొద్ద, నీటిలోని సూక్ష్మజీవులపై అక్రిడిన్ అను రంగును పరీక్షించుచుండెను. అదే పాళ్ల రంగు ఒకనాడు వానిని త్వరగా చంపెను, మరొకనాడు చంపదయ్యెను. వెదకి చూడగా, తేడా గదిలోని వెలుతురుదని తేలెను. 1903 నాటికే టాపైనర్ ఇయోసిన్ రంగుతో చర్మపు గడ్డలకు చికిత్స ప్రారంభించెను. పిదప చాలకాలము ఈ విద్య మూలబడినది. 1970 తరువాత అమెరికాలోని బఫెలో నగరమున డౌగర్టీ అను శాస్త్రజ్ఞుడు దానిని మరల లేవనెత్తెను.

పని జరుగు తీరు ఇట్టిది. ఫోటోఫ్రిన్ అను మందును నరమునకెక్కించి సుమారు రెండు దినములాగుదురు. మంచి కణములకంటె రాచపుండు కణములలో అది యెక్కువగా నిలుచును. అపుడు సన్నని గొట్టము ద్వారా ఎర్రని లేసరు వెలుగును గడ్డపై ప్రసరింపజేయుదురు. వెలుగు తగిలిన మందు అక్కడి ప్రాణవాయువును తీక్ష్ణమైన రూపమునకు మార్చును; అదియే కణమును కాల్చును. మందు, వెలుగు, ప్రాణవాయువు: మూటిలో ఏది లేకున్నను పని జరుగదు. కావున ఎర్రదీపము ముందు కూర్చుండిన మాత్రమున పుండు మానునని చెప్పి సొమ్ము గుంజువారిని నమ్మరాదు.

వెలుగు శరీరములోనికి సుమారొక సెంటిమీటరుకు మించి చొరజాలదు. దేహమంతట వ్యాపించిన వ్యాధికి ఈ వైద్యము చాలదు. మెదడు గడ్డలయెడల పుర్రె తెరచినపుడే వెలుగును వాడవలెను. జపాను దేశము 2013లో ఇట్టి చికిత్సకు అనుమతి నిచ్చినది. దీనికి చెల్లెలివంటి పద్ధతి మరొకటి కలదు. రోగికి శస్త్రచికిత్సకు ముందు ఒక మందు త్రాగింతురు. నీలపు వెలుగులో గడ్డ ఎర్రగా మెరయును. అది గడ్డను చంపదు, శస్త్రవైద్యునికి దారి చూపును. జర్మనీలో స్టమ్మర్ అను వైద్యుని బృందము 2006లో ప్రకటించిన పరీక్షలో, కనిపించు గడ్డను పూర్తిగా తీయగలిగినది ఈ పద్ధతిలో నూటికి 65 మందికి, సాధారణ పద్ధతిలో 36 మందికి.

నోటిలో మానని పుండున్నవారు ఏ వైద్యము మేలని ఇంటివద్ద తర్కించుచు నెలలు గడపరాదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి 1955 నుండి కలదు. ముందక్కడ చూపించుకొనవలెను.

వెలుగు వైద్యమే నిర్ణయమైనచో ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి: ఎండకు ఎన్నినాళ్లు దూరముగా నుండవలెను? ఫోటోఫ్రిన్‌కు కనీసము నెల దినములు. కోతలకు పోవువానికి ఇది చిన్నమాట కాదు. ఆ నెల కూలి యెవరు తెత్తురో ఇంటిల్లపాది ముందే ఆలోచించుకొనవలెను. అట్లని రోగిని చీకటిగదిలో మూసిపెట్టరాదు. ఇంటిలోని సాధారణమైన వెలుతురు చర్మములో మిగిలిన మందును మెల్లమెల్లగా విరుగగొట్టును.