రాక్షసులు కట్టినవి కావు
(విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి చేలు దాటి తిప్పల వైపు నడిస్తే, కొన్నిచోట్ల గుండ్రంగా పేర్చిన బండరాళ్ళు కనబడతాయి. అంతేసి బండలు మనుషులు మోయలేరని తలచి, పెద్దలు వాటిని రాక్షస గుళ్ళు అన్నారు. నిజానికి అవి ఇనుము వాడకం నేర్చిన మనుషుల సమాధులు. వాటి వయస్సు రెండువేల ఏళ్ళ పైమాటే. చాలా సమాధుల్లో ఎముకలను ఏరి తెచ్చి, నలుపు ఎరుపు కుండలతో, ఇనుప పనిముట్లతో సహా ఉంచి, చుట్టూ రాళ్ళు పేర్చారు. పోయినవారి మీద మనకున్న గౌరవమే వారికీ ఉండేదన్నమాట.

చూడదలచినవారికి నాగార్జునకొండ అనుకూలం. 1954 నుండి 1960 వరకు అక్కడ జరిగిన తవ్వకాల్లో బౌద్ధ ఆరామాలతోపాటు ఈ సమాధులూ బయటపడ్డాయి. సాగర్ జలాశయంలో లోయ మునగనున్నందున, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి కట్టారు. వాటిలో రాతి సమాధి కూడా ఉన్నది. విజయపురి సౌత్ నుండి లాంచీలో వెళ్ళాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీ నడుస్తున్నదీ లేనిదీ ముందుగా కనుక్కుని బయలుదేరండి.

ఇక నిలువురాళ్ళ సంగతి. తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అక్కడ ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. అన్ని రాళ్ళకూ ఆ అదృష్టం లేదు.

ఆనాటివారు మంచి నేలను సేద్యానికి విడిచి, రాతినేలలో సమాధులు కట్టుకున్నారు. నాగలి అక్కడికి పోలేదు గనుక అవి నిలిచాయి. ఇప్పుడు పొక్లెయిను పోతున్నది. చేను చదునుకని, కంకరకని, లంకెబిందెల ఆశతోనని ఒక్క పూటలో పెకలించివేయవచ్చు. లోపల ఉండేవి కుండలు, ఎముకలు. నిధి ఏదైనా దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసినదే.

మనం సర్వీసంతా రికార్డులు రాసినవాళ్ళం. కాగితం మీద లేనిది లేనట్టేనని మనకు తెలుసు. సొంత ఊరికి వెళ్ళినప్పుడు ఇటువంటి రాళ్ళు కనబడితే ఊరి పేరు, సర్వే నెంబరు, రాళ్ళ లెక్క, వలయం కొలత రాసుకుని, ఫోటోతో పురావస్తు శాఖకు అర్జీ పంపండి. నకలు దగ్గర ఉంచుకోండి. రాయిని మాత్రం కదపవద్దు. మనవలను వెంటబెట్టుకుని వెళ్ళండి. టేపు రెండో కొస వాళ్ళు పట్టుకుంటారు.

సెలవు.