తలుపు వేసుకునే గది

ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఇంతలో చుట్టాలొస్తారు. "అమ్మాయీ, కాస్త కాఫీ కలుపు" అంటాం. తప్పనటం లేదు, మనమూ అలా పెరిగినవాళ్ళమే. కాని సరిగ్గా ఈ సంగతే నూటయాభై ఏళ్ళ క్రితం ఇంగ్లండులో ఎమిలీ డేవీస్ అనే ఆవిడను స్థిమితంగా ఉండనివ్వలేదు.

ఆడపిల్లకు పాఠాలు చెప్పిస్తే చాలదు, ఎవరూ పిలవని చోటు ఒకటి ఉండాలని ఆవిడ పట్టు. 1869లో హిచిన్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో అయిదుగురు అమ్మాయిలతో వసతి కళాశాల మొదలుపెట్టింది. కేంబ్రిడ్జిలోనే పెట్టొచ్చుగా అంటారేమో. అంతమంది మగపిల్లలు చదివే ఊళ్ళో ఆడపిల్లల్ని ఉంచితే లోకం ఏమంటుందోనని జంకు! అంచేత పాఠాలు చెప్పేవారే రైలెక్కి వచ్చేవారు. 1873లో గిర్టన్‌కు మారారు. అదీ ఊరికి రెండు మైళ్ళ అవతలే.

అక్కడ ఒక్కొక్క పిల్లకు రెండేసి గదులు - పడుకోవటానికి ఒకటి, చదువుకోవటానికి ఒకటి. తలుపు వేసుకుంటే ఇక ఎవరూ పిలవరు. మనలో ఎందరికి దక్కింది చెప్పండి ఆ భాగ్యం?

1871లో ఆన్ క్లఫ్ అయిదుగురితోనే మొదలుపెట్టిన వసతిగృహం న్యూన్‌హామ్ కళాశాల అయింది. రాత్రి చదువయ్యాక ఒకరి గదిలో ఒకరు చేరి కోకో తాగటం ఈ అమ్మాయిలకు పెద్ద సరదా. పెళ్ళికాని పిల్ల తన గదికి తానే యజమానురాలై, తన అతిథిని తానే పిలుచుకోవటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పగలు ఊళ్ళో ఉపన్యాసాలకు వెళ్ళాలంటే మాత్రం ఒక పెద్దావిడ వెంట ఉండాల్సిందే. మన బామ్మలకు ఈ ఏర్పాటు భేషుగ్గా నచ్చేది!

ఇంత చదివినా పట్టా లేదు. 1890లో న్యూన్‌హామ్ అమ్మాయి ఫిలిపా ఫాసెట్ గణితంలో మగవాళ్ళలో మొదటివాణ్ణి మించిపోయింది. అయినా ఇవ్వలేదు. 1897లో ఆ విషయం ఓటింగుకు వస్తే, మగ విద్యార్థులు సైకిలెక్కిన ఆడబొమ్మను వీధిలో వేలాడదీసి ఎగతాళి చేశారు. ప్రతిపాదన ఓడిపోయింది. చివరికి పట్టాలిచ్చింది 1948లో.

మన హైదరాబాదు నుంచి నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్ళిన సరోజినీ నాయుడు గారు కూడా గిర్టన్‌లో చదివినవారే. 1898లో పట్టా లేకుండానే తిరిగొచ్చారు. కావాలన్నా అప్పట్లో అక్కడ ఆడవాళ్ళకు ఇచ్చేవారు కాదు మరి.

స్త్రీ రాయాలంటే ఆమెకు సొంత డబ్బూ, సొంత గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో పుస్తకం రాసిందని వినే ఉంటారు. దానికి మూలమైన ప్రసంగాలు ఆవిడ 1928లో ఈ రెండు కళాశాలల్లోనే చేసింది. గిర్టన్‌లో 1979 నుంచి మగపిల్లల్నీ చేర్చుకుంటున్నారు. న్యూన్‌హామ్ మాత్రం ఇవాళ్టికీ ఆడపిల్లలదే.