ఒక యంత్రం, ఒకే నెట్‌వర్క్: కోడ్‌లో దాగిన ఒక ఊహ కథ

స్మారకోపన్యాసమంటే ముందు గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. ఈ రోజు మనం స్మరించుకుంటున్న మాస్టారు ఈ వరసలో కూర్చుని ఉంటే రెండో వాక్యానికే "విషయానికి రావయ్యా" అనేవారు. వచ్చేస్తున్నాను.

విషయం కంటైనర్ల నెట్‌వర్కింగ్. దీని చరిత్రను సాధారణంగా సరుకుల జాబితాలా చెబుతారు: డాకర్ వచ్చింది, కుబెర్నెటిస్ వచ్చింది, సిలియమ్ వచ్చింది అని. నాకు ఆ వరస తృప్తినివ్వదు. ఇది ఒక ఊహను కోడ్‌లోంచి ఏరి పారేసిన కథ అని నా అభిప్రాయం. ఒక యంత్రానికి ఒకే నెట్‌వర్క్ ఉంటుందన్నదే ఆ ఊహ. పాత తరం వాళ్లు దీన్ని ఎక్కడా నియమంగా రాసిపెట్టలేదు, రాయాల్సిన అవసరమూ రాలేదు. అందుకే అది ఎన్నిచోట్ల ఉందో ఎవరికీ లెక్క తెలియదు. ఒకచోట పీకితే మరోచోట తేలుతూ వచ్చింది.

మొదటి ప్రయత్నం లినక్స్‌ది కాదు. 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో 'జైల్' వచ్చింది. జైల్లో పెట్టిన ప్రోగ్రాముకు ఒక ఐపీ అడ్రస్ ఇచ్చేవారు, అది ఆ అడ్రస్ దాటి పోకూడదు. కానీ రౌటింగ్ టేబుల్ లోపలివాడికీ బయటివాడికీ ఒకటే. నెట్‌వర్క్ స్టాక్‌నే ఎన్ని ప్రతులు కావాలంటే అన్ని చేసుకునేలా మార్కో జెచ్ తిరగరాసి, 2003 యూజ్‌నిక్స్ సదస్సులో పత్రం సమర్పించారు. ఆ పని ఫ్రీబీఎస్‌డీ మామూలు కెర్నెల్‌లో డిఫాల్ట్‌గా చేరింది 2018 చివర్లో, 12.0తో. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి.

లినక్స్ వైపు ఈ భారం ఎక్కువగా మోసినవారు ఎరిక్ బీడర్‌మన్. 2006 ఒట్టావా లినక్స్ సింపోజియంలో ఆయన తన ప్రణాళిక చెప్పారు. కోడ్ రూపం 2008 జనవరిలో, 2.6.24 కెర్నెల్‌లో కనిపించింది. ఆ మార్పును కాస్త దగ్గరగా చూద్దాం.

అంతవరకు కెర్నెల్‌లో నెట్‌వర్క్ పరికరాల జాబితా ఒక్కటే. 'ఈత్ జీరో' అని పేరు చెబితే పరికరాన్ని వెతికిపెట్టే ఫంక్షన్‌కు ఆ పేరు చాలు. ఏ నెట్‌వర్క్‌లో వెతకాలన్న ప్రశ్న పుట్టనే లేదు. ఇప్పుడు ఆ ఫంక్షన్‌కు ఇంకో ఆర్గ్యుమెంట్ చేరింది: ఏ నెట్ అని. దాన్ని పిలిచే చోట్లు కెర్నెల్ నిండా ఉన్నాయి. ముందు అన్నిచోట్లా 'ఇనిట్ నెట్' అని రాసేశారు, అంటే బూటయినప్పుడు పుట్టే మొదటి నెట్‌వర్క్. ప్రోగ్రాముల ప్రవర్తన ఏమీ మారలేదు, కానీ ఊహ దాగిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టినట్టయింది. తర్వాత ఒక్కో ప్రోటోకాల్‌నూ తీసుకుని ఆ గుర్తులు చెరుపుతూ పోయారు. ఇంకా వంతు రాని ప్రోటోకాల్ కోడ్ గుమ్మంలోనే ఒక తనిఖీ ఉంచారు: వచ్చిన పాకెట్ మొదటి నెట్‌వర్క్‌ది కాకపోతే అక్కడే పారేయాలి. సగం కట్టిన వంతెన మీదికి ఎవరినీ ఎక్కనివ్వని ఆ రెండు మూడు వరసలంటే నాకు ఈ చరిత్ర మొత్తంలోకీ ఇష్టం. ఈ సౌకర్యం వాడనివాడికి ఖర్చు పడకుండా, కంపైల్ చేసేటప్పుడే తీసేసే వీలు కూడా ఉంచారు.

అయినా ఊహ ఇంకోచోట తేలింది. పరికరాల వివరాలను ఫైళ్లలా చూపించే సిస్‌ఎఫ్ఎస్‌లో ఒక పేరుకు ఒకే చోటు ఉంటుంది. రెండు నెట్‌వర్కుల్లోనూ 'లో' అనే లూప్‌బ్యాక్ ఉంటే ఏది చూపించాలి? జవాబు దొరక్క వింత షరతు పెట్టారు: నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (ఇలా విడిగా ఉండే నెట్‌వర్క్‌కు పెట్టిన పేరు) కావాలంటే సిస్‌ఎఫ్ఎస్ లేకుండా కెర్నెల్ తయారు చేసుకోవాలి. మామూలు డిస్ట్రిబ్యూషన్లకు అది కుదిరే పని కాదు. 2009 మార్చిలో 2.6.29 వచ్చేనాటికి గానీ ఆ షరతు పోలేదు.

ఇంటికి వెళ్లి మీ లినక్స్ యంత్రంలో ఒక కొత్త నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ చేయండి, 'ఐపీ నెట్‌ఎన్ఎస్ యాడ్' అని. దాని లోపలికి వెళ్లి 127.0.0.1కి పింగ్ కొట్టండి. నెట్‌వర్క్ అందుబాటులో లేదంటుంది. లోపల ఉన్నది ఒక్క లూప్‌బ్యాక్, అదీ డౌన్‌లో ఉంటుంది. తనతో తాను మాట్లాడుకోవడానికి కూడా దాన్ని లేపాలి. తర్వాత 'వీఈత్' అనే జంట పరికరాన్ని పుట్టించి, ఒక కొస లోపల, ఒక కొస బయట పెట్టి, బయటి కొసను బ్రిడ్జికి తగిలించాలి. డాకర్ చేసే పని మౌలికంగా ఇంతే.

2013 మార్చిలో పైకాన్‌లో సాలమన్ హైక్స్ డాకర్‌ను లోకానికి చూపించారు. కెర్నెల్‌లో ఏళ్లుగా ఉన్న సరంజామాను మామూలు డెవలపర్ చేతికి అందించడమే దాని ఘనత. నెట్‌వర్కింగ్ వరకు అది తొలినాళ్లలో నాటుగానే ఉండేది. 'డాకర్ జీరో' అనే ఒక బ్రిడ్జి, 172.17తో మొదలయ్యే అడ్రసులు, బయటికి పోవాలంటే నాట్. ఒక కంటైనర్ ఇంకోదాన్ని వెతుక్కోవాలంటే 'లింక్' వాడాలి. అది అవతలి అడ్రసును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి ఇచ్చేది. అవతలిది ఆగి మళ్లీ లేచి అడ్రస్ మారితే, నడుస్తున్న ప్రోగ్రాము చేతిలో పాత అడ్రసే మిగిలేది. 2015 నవంబరులో 1.9తో ఎవరి నెట్‌వర్క్ వాళ్లు పేరు పెట్టి సృష్టించుకునే వీలు, చాలా యంత్రాల మీదుగా పరిచే వీఎక్స్‌లాన్ ఓవర్‌లే వచ్చాయి. మరుసటి ఫిబ్రవరిలో 1.10తో, అలా సృష్టించుకున్న నెట్‌వర్కుల్లోని ప్రతి కంటైనర్‌కూ 127.0.0.11 దగ్గర పేర్లు చెప్పే డీఎన్‌ఎస్ వచ్చింది.

ఆ 127.0.0.11 దగ్గర వింటున్న సాకెట్ కంటైనర్ నేమ్‌స్పేస్‌లో ఉంటుంది, దాన్ని నడిపే డాకర్ ప్రాసెస్ మాత్రం బయట ఉంటుంది. నేమ్‌స్పేస్ మారడం ప్రాసెస్‌కు సంబంధించిన సంగతి కాదు, థ్రెడ్‌ది. డాకర్ రాసిందేమో గో భాషలో. అక్కడ ఏ గోరొటీన్ ఏ థ్రెడ్ మీద నడవాలో రన్‌టైమ్ నిర్ణయిస్తుంది, థ్రెడ్లన్నీ ఒకటేనని నమ్ముతుంది. ఒక గోరొటీన్‌కు లాక్ చేసిన థ్రెడ్ వేరే నేమ్‌స్పేస్‌లో ఉండగా రన్‌టైమ్ దాని నుంచి కొత్త థ్రెడ్ పుట్టిస్తే, ఆ పిల్ల థ్రెడ్ కూడా అక్కడే పుట్టి, వేరే పనులకు తగులుకునేది. 2018 ఫిబ్రవరిలో గో 1.10 దీన్ని సరిచేసింది. చూశారా, ఊహ కెర్నెల్ దాటి భాష రన్‌టైమ్‌లోనూ ఉంది.

పుట్టించడం ఇంత కష్టమైతే, పోగొట్టడం ఇంకా కష్టం. కంటైనర్లు నడిపినవాళ్లలో చాలామంది కన్సోల్ మీద ఒక వరస చూసే ఉంటారు: "అన్‌రిజిస్టర్ నెట్‌డివైస్: వెయిటింగ్ ఫర్ లో టు బికమ్ ఫ్రీ. యూసేజ్ కౌంట్ ఈక్వల్స్ 1." పది సెకన్లకోసారి వచ్చేది. చనిపోయిన కంటైనర్ లూప్‌బ్యాక్‌ను కెర్నెల్‌లో ఎవరో ఇంకా పట్టుకున్నారు, ఎవరో తెలియదు. పాత కెర్నెల్స్‌లో ఆ శుభ్రం పని తాళం పట్టుకునే ఉండటంతో కొత్త నేమ్‌స్పేస్‌లు కూడా పుట్టక ఆగిపోయేవి. 2014 నుంచి ఏళ్లపాటు ఈ ఫిర్యాదు నడిచింది. ఒక కారణం సరిదిద్దితే అదే సందేశం ఇంకో కారణంతో వచ్చేది. చివరికి కెర్నెల్ డెవలపర్ ఎరిక్ డుమజే, ఎవరు పట్టుకున్నారో రాసిపెట్టుకునే రెఫరెన్స్ ట్రాకర్‌ను 2022లో వచ్చిన 5.17లో చేర్చారు. యంత్రానికి ఒకే లూప్‌బ్యాక్ ఉన్న రోజుల్లో అది ఎప్పుడూ చావదు, కాబట్టి దాని కౌంట్ సున్నాకు దిగుతుందా అని ఎవరూ అడగలేదు.

కుబెర్నెటిస్ 2014లో వేరే దారి పట్టింది. ప్రతి పాడ్‌కూ, అంటే కలిసి నడిచే కంటైనర్ల గుంపుకు, సొంత ఐపీ, పాడ్‌కూ పాడ్‌కూ మధ్య నాట్ ఉండకూడదు. పాడ్‌లో అసలు ప్రోగ్రాము కూలి మళ్లీ లేచినా అడ్రస్ మారకుండా, ఏ పనీ చేయకుండా నిద్రపోయే 'పాజ్' అనే చిన్న కంటైనర్ ఆ నేమ్‌స్పేస్‌ను పట్టుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ తగిలించే పనికి డాకర్ వాళ్ల లిబ్‌నెట్‌వర్క్ వాడమని ఒత్తిడి ఉండేది. 2016 జనవరిలో కుబెర్నెటిస్ బృందంలోని టిమ్ హాకిన్ ఎందుకు వాడటం లేదో బహిరంగంగా రాశారు. బదులుగా కోర్‌ఓఎస్‌లో పుట్టిన సీఎన్ఐని తీసుకున్నారు. అదొక మామూలు ప్రోగ్రాము ఫైలు. యాడ్ అనో డెల్ అనో ఎన్విరాన్‌మెంట్‌లో చెప్పి, జేసన్‌ను స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో పోస్తే పని చేసి పోతుంది. అంత తేలిక కాబట్టే ఫ్లానెల్, కాలికో వగైరాలన్నీ అందులో ఒదిగాయి.

మాస్టారి దగ్గర చదివినవాళ్లకు ఆయన మొదటి ప్రశ్న గుర్తుండే ఉంటుంది: "పాకెట్ ఎక్కడ చచ్చిందో చెప్పు." కుబెర్నెటిస్ లోకంలో ఆ ప్రశ్నకు తగ్గ ఉదాహరణ అయిదు సెకన్ల డీఎన్‌ఎస్. పేరు అడిగితే మామూలుగా మిల్లీసెకన్లలో వచ్చే జవాబు, ఉన్నట్టుండి సరిగ్గా అయిదు సెకన్లు ఆలస్యమయ్యేది. జీలిబ్‌సీ ఒకే సాకెట్ నుంచి ఐపీవీ4, ఐపీవీ6 అడ్రసుల కోసం రెండు ప్రశ్నలు దాదాపు ఒకేసారి పంపుతుంది. రెండింటికీ గమ్యం మార్చాలి, ఆ వివరం కెర్నెల్ కనెక్షన్లను గుర్తుంచుకునే కాన్‌ట్రాక్ పట్టికలో రాయాలి. మొదటిదాని నమోదు పూర్తికాకముందే రెండోది కూడా అదే నమోదుకు దిగుతుంది. ఢీకొన్నచోట ఒక పాకెట్ నిశ్శబ్దంగా చస్తుంది. రిజాల్వర్ ఎదురుచూపు గడువు అయిదు సెకన్లు. పాడ్‌లు పంపకాలు చేసుకున్నా బావి ఉమ్మడిగానే మిగిలింది, యంత్రంలోని అన్ని పాడ్‌ల సర్వీస్ ట్రాఫిక్‌కూ హోస్ట్ పట్టికే దిక్కు. కెర్నెల్‌లో 5.0 నాటికి చాలావరకు సర్దుబాటు జరిగింది. కుబెర్నెటిస్ తన వైపున ప్రతి నోడ్‌లో డీఎన్‌ఎస్ క్యాష్ పెట్టి, కాన్‌ట్రాక్‌ను పక్కకు తప్పించింది.

సర్వీస్ ట్రాఫిక్ పంచే క్యూబ్-ప్రాక్సీ సంగతి త్వరగా చెబుతాను. మొదట అది స్వయంగా పాకెట్లు మోసేది. 2016లో 1.2 నుంచి ఐపీటేబుల్స్ నియమాలు రాసిపెట్టి తప్పుకుంది. మూడు పాడ్‌లుంటే మొదటి నియమానికి మూడో వంతు సంభావ్యత, రెండోదానికి సగం, మిగిలినదంతా మూడోదానికి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సర్వీసులు వేలల్లోకి వెళ్లాక మాత్రం పాకెట్ సరైన నియమం దొరికేదాకా వరసగా దాటుకుంటూ పోవాలి. సిలియమ్ ఆ పట్టికలనే వదిలేసి ఈబీపీఎఫ్ ప్రోగ్రాములు ఎక్కించింది. క్యూబ్-ప్రాక్సీ 2025 ఏప్రిల్‌లో 1.33తో ఎన్ఎఫ్‌టేబుల్స్ పద్ధతిని స్థిరమైనదిగా ప్రకటించింది. అందులో ఒక్క మ్యాప్‌లో వెతికితే సరిపోతుంది.

ఇక 127.0.0.1. ఆ అడ్రస్ మీద వినేది యంత్రం దాటి వినపడదని అందరి భరోసా. క్యూబ్-ప్రాక్సీ తన అవసరం కోసం లోకల్‌నెట్‌కు రౌటింగ్ అనుమతించే ఒక కెర్నెల్ సెట్టింగ్‌ను తెరిచింది. దాంతో అదే నెట్‌వర్క్‌లోని పక్క యంత్రం నుంచి ఆ అడ్రస్‌కు పాకెట్లు రావచ్చని 2020లో తేలింది. సీవీఈ 2020-8558 అదే. డాకర్‌లోనూ 127.0.0.1కే పరిమితంగా పబ్లిష్ చేసిన పోర్టును, అదే నెట్‌వర్క్ సెగ్మెంట్‌లోని పక్క యంత్రం అందుకోగలిగేది.

దానితో పాటు ఇంకో కంత ఉండేది. అసలు పబ్లిష్ చేయని పోర్టు బయటికి కనపడదని అనుకుంటాం. హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ముందే ఆన్‌లో ఉంటే, డాకర్ ఫార్వర్డ్ చెయిన్ పాలసీని డ్రాప్‌గా మార్చకుండా వదిలేసేది. అప్పుడు లాన్‌లోని ఎవరైనా 172.17 నెట్‌వర్క్‌కు ఈ హోస్ట్ మీదుగా రూట్ పెట్టుకుంటే నేరుగా కంటైనర్ తలుపు దగ్గరికి వచ్చేవారు. 2025 ఫిబ్రవరిలో డాకర్ ఇంజిన్ 28 ఈ రెండు కంతలనూ డిఫాల్ట్‌గానే మూసింది. మూశాక కూడా పాత తీరు మీద ఆధారపడినవాళ్ల కోసం ఒక ఆప్షన్ ఉంచాల్సి వచ్చింది. దాని పేరు దాచుకోకుండానే పెట్టారు: నాట్-అన్‌ప్రొటెక్టెడ్.