పొగ తగ్గించే బాధ్యత ఎవరిది?



బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి పోనీయక పట్టి ఉంచుతున్నదని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పినారు. ఎండలు ముదరడానికి అదే మూలం. దాన్ని తగ్గించవలసింది ఎవరు? ఇంట్లోని మనిషా, సర్కారా?

మేము బడిపంతుళ్ళం గనుక లెక్క వేసి చూపుతాం. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి, రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు 7 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. మన దేశంలో కరెంటు చాలావరకు బొగ్గుతోనే తయారవుతున్నందున యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే నెలకు 5 కిలోలు తగ్గినట్టు. మంచిదే.

ఇక శామీర్‌పేట నుంచి సికింద్రాబాదుకు మోటారు సైకిల్ మీద రోజూ 50 కిలోమీటర్లు పోయి వచ్చే కుర్రవాడిని చూడండి. రోజుకు లీటరు పెట్రోలు అనుకుందాం. లీటరుకు 2.3 కిలోల చొప్పున 25 పనిదినాలకు 57 కిలోలు దాటుతుంది. పది బల్బులు మార్చినా దీనికి సరితూగదు.

మరి ఆ కుర్రవాడు రైలెక్కరాదా అంటారు. మేడ్చల్ వాడైతే ఎక్కవచ్చు. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలు అక్కడిదాకా వచ్చింది. శామీర్‌పేటకు రైలు మార్గమే లేదు. ఇద్దరికీ మంచి మనసే ఉందనుకోండి, పట్టాలు ఒకరికే ఉన్నాయి. పట్టాలు వేయడం ఏ ఒక్కరి చేతిలోని పనీ కాదు.

మన పెద్దలు ఫర్జ్ రెండు రకాలన్నారు. ఐదు పూటల నమాజు ఫర్జె ఐన్, ఎవరిది వారే చేయాలి. జనాజా నమాజు ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకుంటే గునాహ్ అందరి మెడకూ చుట్టుకుంటుంది. బల్బు మార్చడం మొదటి రకం లాంటిది, బస్సు కోసం, రైలు కోసం అడగడం రెండవ రకం లాంటిది. "నా ఒక్కడి వల్ల ఏమవుతుంది" అనేవాడు మొదటిది ఎగవేస్తున్నాడు. "మా ఇంట్లో ఎల్‌ఈడీలు పెట్టేశాం" అని కాళ్ళు చాపుకున్నవాడు రెండవది ఎగవేస్తున్నాడు.

2025 జనవరి 1న ముఖ్యమంత్రిగారు ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జె.బి.ఎస్. నుంచి శామీర్‌పేటకు మెట్రో మార్గాల నివేదికలు సిద్ధం చేయమన్నారు. మెట్రో అంటే ఏళ్ళ పని. అందాకా మేడ్చల్ స్టేషనులో రైలు అందేటట్లు శామీర్‌పేట నుంచి బస్సులు నడపాలని ఆర్టీసీ వారికి, రైళ్ళు పెంచాలని రైల్వే వారికి అర్జీలు పెట్టుదాం. ఎండకు మతం లేదు గనుక రెండు ఊళ్ళలోని అందరి సంతకాలూ తీసుకుందాం. కాగితాలు తలుపు దగ్గర పెట్టించినాం. సంతకం చేసి మరీ వెళ్ళవలసిందిగా మనవి.